కిట్ విప్పేటప్పుడే అసలు జాగ్రత్త

2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో తొలి కరోనా కేసు బయటపడింది నెల్లూరులోనే. ఆ వెనకే ఎండాకాలం. రోహిణి కార్తెలో ఒంగోలు, నెల్లూరు వార్డుల్లో పీపీఈ కిట్ వేసుకుని నిలబడటం మాటలు కాదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. కిట్ లోపల అది ఆరదు, గ్లౌజుల వేళ్లలో దిగి నిలుస్తుంది.

రోగి పక్కన ఉన్నంతసేపూ సిస్టర్లు ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు. పొరపాటు జరిగేది డ్యూటీ దిగాక, ఎప్పుడెప్పుడు విప్పేద్దామా అన్న తొందరలో. ముందు గ్లౌజులు తీయాలి. తర్వాత గౌను, లోపలి వైపు పైకొచ్చేలా చుట్టుకుంటూ. కళ్లద్దాలు వెనక పట్టీ పట్టుకుని తీయాలి. ఎన్95 మాస్కు అన్నిటికన్నా చివర, అదీ వార్డు బయటికొచ్చాక: కింది పట్టీ ముందు, పై పట్టీ తర్వాత. ముందు భాగాన్ని వేలితో కూడా తాకకూడదు. ఒక్కోటి తీసినప్పుడల్లా శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు చేతులు రుద్దుకోవాలి, ఆఖర్న సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు. చెమటకు ముక్కు దురద పెడుతుంది, చెయ్యి తెలీకుండానే పైకి పోతుంది. అందుకే ఎదురుగా ఒక తోడు నిలబడి వరస చెబుతుండాలి. ఆ మనిషిని ఇవ్వడం ఇన్‌ఛార్జి బాధ్యత, సిస్టర్ అడిగి తెచ్చుకోవాల్సింది కాదు.

వేసుకునేటప్పుడు జడను మెడ మీదికి ముడి వేస్తే కింది పట్టీ జారుతుంది. ముడి కాస్త పైకి ఉండాలి. మాస్కు మీద రెండు చేతులూ కప్పి గట్టిగా ఊదితే అంచుల్లోంచి గాలి తగలకూడదు. మాస్కు ఒరుసుకుని ముక్కు మీద పడ్డ పుండుకు ప్లాస్టర్ వేస్తే ఇది మళ్లీ చూసుకోవాలి.

బాత్రూముకి పోవాల్సొస్తుందని చాలామంది నీళ్లే తాగరు. మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్ వచ్చేది దీనివల్లే. కిట్ వేసుకునే ముందూ, విప్పాకా తాగాలి. లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో చిక్కగా కలిపితే మేలు కన్నా కీడే ఎక్కువ. నాలుగు గంటలకొకసారి మనిషిని మార్చకుండా ఎన్ని ప్యాకెట్లిచ్చినా ఈ ఎండకు చాలదు.

పిక్కలు పట్టేసినా, కళ్లు తిరిగినా వెంటనే బయటికి రావాలి. మాట తడబడితే మాత్రం వరస చూడొద్దు. గ్లౌజులు, మాస్కు ఉన్నవాళ్లు కత్తెరతో కిట్‌ను వెనకనుంచి కోసేసి, ఒంటి నిండా నీళ్లు చల్లి, ఫ్యాను కింద పడుకోబెట్టి డాక్టర్‌ను పిలవాలి.