ఆ షీటు ఇంకా తెరుచుకుంటోంది

రెండేళ్ళ కిందట మానేసిన ఉద్యోగం, పి.గన్నవరం దగ్గర ఒక ధాన్యం కొనుగోలు ఆఫీసు. నిన్న ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే అక్కడి గూగుల్ షీట్ తెరుచుకుంది. రైతుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఎవరికి ఎంత బాకీ, అన్నీ. మా మావయ్యవి కూడా!

నిజం చెప్పాలంటే ఆ లింకు అలా బార్లా తెరిచి పెట్టింది నేనే. 2022 జూలై వరదకి రిజిస్టర్లు నానిపోయాయి, అందుకని అంతా ఆన్‌లైన్‌కి ఎక్కించాం, పైగా కళ్ళం దగ్గర మబ్బు కమ్ముకొస్తుంటే పాస్‌వర్డ్ అడిగితే గుమస్తాకి చిరాకు, రైతుకి టెన్షన్, అందుకే లింకు ఉన్నవాళ్ళెవరైనా చూసేలా పెట్టేశాను. చూడాల్సిన నలుగురి మెయిళ్ళు చేర్చి, మానేసినవాళ్ళని తీసేస్తే సరిపోయేది. పది నిమిషాల పని.

2023 డేటా చట్టంలో, సరైన భద్రత లేక సమాచారం బయటికి పోతే జరిమానా 250 కోట్ల దాకా ఉందండీ అని ఓనరు గారికి ఫోన్ చేసి చెప్పాను. "మనమెంత, మన షీటెంత" అని నవ్వారు. సరే మార్పిస్తానన్నారు.

ఇందాకే చూశాను. ఇంకా తెరుచుకుంటోంది.