విజిట్ ఛార్జీ

రిపేరుకి రావలసిన మనిషి ఫోన్‌లోనే పని నేర్పేసి, డబ్బులు వద్దన్నాడంటే మా నాయన నమ్మలేదు. "ఏందమ్మణ్ణీ, వాడికి బేరాల్లేవా?" అన్నాడు. కోవూరులో ఆయనది మోటార్లకు వైండింగ్ చేసే షాపు. రిపేరు పని లోగుట్టు తెలిసిన మనిషి అడిగిన మాట కాబట్టి నేనూ నవ్వి వదిలేయలేకపోయాను.

మేముండేది మినెసోటాలో, సెయింట్ పాల్ శివార్లలో. జనవరిలో ఒక శనివారం రాత్రి, బయట మైనస్ 20 డిగ్రీలు. మా ఆయన ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నేస్ వెలిగినట్టే వెలిగి ఆరిపోతోంది. మన నెల్లూరు వైపు చలికాలమంటే కార్తీకంలో వానలు, తుపాన్లు, మహా అయితే తెల్లారుజామున ఒక దుప్పటి. ఇక్కడ బేస్‌మెంట్‌లో మనిషెత్తు ఇనప పెట్టె ఒకటి ఉంటుంది. పైపులో వచ్చే గ్యాస్‌ని మండించి, ఆ వేడితో గాలిని కాచి, ఫ్యానుతో గదులన్నిటికీ తోస్తుంది. అది ఆగితే ముందు మనుషులు వణుకుతారు. ఆ తర్వాత గోడల్లో నీళ్ల పైపులు గడ్డకట్టి పగులుతాయి.

కంపెనీ నంబరుకి చేస్తే రాత్రి డ్యూటీ టెక్నీషియన్ తిరిగి ఫోన్ చేశాడు. శనివారం రాత్రి ఇంటికొస్తే విజిట్ ఛార్జీ పగటికంటే బాగా ఎక్కువ, రిపేరు ఖర్చు దానికి వేరే అని ముందే చెప్పాడు. "రమ్మంటే వస్తా. కానీ ముందు ఒక పది నిమిషాలు ఫోన్ పట్టుకుని దాని ముందు నిలబడతారా?" అన్నాడు.

మొదట అడిగింది గ్యాస్ వాసన గురించి. వస్తుంటే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బయటికెళ్లి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయమన్నాడు. రాలేదు. తర్వాత కార్బన్ మోనాక్సైడ్ అలారం. ఈ రాష్ట్రంలో ప్రతి పడగ్గదికీ 10 అడుగుల లోపు అది ఉండాలని చట్టం. లీకు తెలియడానికి గ్యాస్‌కి వాసన కలుపుతారు గానీ ఈ విషవాయువుకి ఏ వాసనా ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అలారం పని చేస్తోంది. ఫిల్టరు తీసి లైటుకి అడ్డం పెట్టి చూడమన్నాడు. దుమ్ముతో మూసుకుపోతే గాలి ఆడక లోపల వేడెక్కిపోయి, లిమిట్ స్విచ్ అంతా ఆపేస్తుందట. మాది బాగానే ఉంది. గోడలోంచి బయటికొచ్చే తెల్ల పీవీసీ పైపుల మూతికి మంచు కప్పేసిందేమో చూసి రమ్మన్నాడు. అదీ లేదు.

"సరే, స్విచ్ ఆపి మళ్లీ వేయండి. ఏమేం వినపడుతోందో వరసగా చెప్పండి."

ఇది మాత్రం నాకు బాగా వచ్చిన పని. మోటార్ల హోరులో పుట్టి పెరిగినదాన్ని. ముందు చిన్న ఫ్యాను గుయ్యిమంది. అది పొగని బయటికి లాగే ఇండ్యూసర్ అన్నాడు. టక్కుమని ఒక చప్పుడు. అది ప్రెషర్ స్విచ్, పొగ దారి తెరిచే ఉందని చెప్పడానికి. అద్దంలోంచి, గ్యాస్‌ని అంటించే ఇగ్నైటర్ నారింజ రంగులో కాలడం కనపడింది. గ్యాస్ వాల్వు తెరుచుకుంది, బర్నర్లన్నీ భగ్గున అంటుకున్నాయి. నాలుగైదు సెకన్లు. అంతే, ఆరిపోయాయి. మళ్లీ మొదటికొచ్చింది.

"ఫ్లేమ్ సెన్సర్" అన్నాడు. మంటలోకి చొచ్చుకుని ఉండే సన్నటి లోహపు కడ్డీ అది. మంటకి కరెంటుని మోసే గుణం ఉందట, మైక్రోఆంపుల్లో, చాలా కొంచెం. కడ్డీ నుంచి మంట గుండా ఆ కాస్త కరెంటు పారితేనే నిప్పు అంటుకుందని ఫర్నేస్‌ని నడిపే సర్క్యూట్ బోర్డుకి నమ్మకం. కడ్డీ మీద కంటికి కూడా సరిగ్గా ఆనని పొర పేరుకుంటే కరెంటు తగ్గిపోతుంది. ఎదురుగా మంట ఉన్నా బోర్డు లేదనుకుని గ్యాస్ కట్టేస్తుంది. కట్టేయకపోతే మండని గ్యాస్ ఇల్లంతా నిండుతుంది కాబట్టి అదే మంచిది. కొన్నిసార్లు ఇలా ప్రయత్నించి, లాకవుట్ అయి, అంటే తనే పూర్తిగా ఆగిపోయి, చాలా మోడళ్లలో గంటో ఎంతో ఆగి మళ్లీ మొదలుపెడుతుందట.

కరెంటూ, గ్యాసూ ఆపించాడు. ఒక్క స్క్రూ విప్పించాడు. సన్నటి స్టీల్ వూల్‌తో కడ్డీని మెల్లగా రుద్దమన్నాడు, ఉప్పుకాగితం మాత్రం వద్దన్నాడు. పక్కనే ఉన్న ఇగ్నైటర్‌ని వేలితో ముట్టుకోవద్దని మళ్లీ మళ్లీ చెప్పాడు. చేతి జిడ్డు అంటినా అది తొందరగా పోతుందట. బిగించి స్విచ్ వేశాను. మంట నిలబడింది. కాసేపటికి పెద్ద ఫ్యాను తిరిగి, గదుల్లోకి వెచ్చటి గాలి వచ్చింది. ఎంతివ్వాలని అడిగితే, రానిదానికి ఛార్జీ ఏముంటుందన్నాడు.

మర్నాడు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి పెట్టాను. "అదే మనవాడైతేనా, బోర్డు పోయిందని చెప్పి వేలకి వేలు లాగేవాడు" అని ఒకాయన. దానికి అందరూ బొటనవేళ్లు. నాకు ఒళ్లు మండింది. ఆయనకి జవాబు రాయలేదు, రాస్తే వ్యాసమవుతుందని. ఇప్పుడు వ్యాసమే అయింది, వేరే విషయం.

మా నాయన పని దాస్తాడు, నిజమే. ఏ మోటారుకి ఏ గేజి తీగ, స్లాటుకి ఎన్ని చుట్లు అన్నది ఒక పాత నోటుబుక్కులో తన గుర్తులతో రాసుకున్నాడు. ఆ గుర్తులు షాపులో కుర్రాళ్లకి కాదు గదా, నాక్కూడా చెప్పలేదు. రైతు ముందు మోటారు విప్పాల్సి వస్తే టీ తాగి రమ్మని పంపించేస్తాడు. ఎందుకంటే, తప్పెక్కడుందో పట్టుకోడానికి ఆయనకి ముప్పై ఏళ్లు పట్టినా, చూస్తూ నిలబడ్డవాడికి అది రెండు నిమిషాల పనే. "ఈ మాత్రం దానికి ఐదొందలా?" అంటాడు. మన దగ్గర రాగి తీగకి డబ్బులిస్తారు, చెమటకి కొంచెం ఇస్తారు. తెలివికి ఇవ్వరు. ఇవ్వనిదాన్ని దాచుకోక ఏం చేస్తాడు?

ఇక్కడ మనిషి పెట్టె మూత తీయకముందే అతని తెలివికి ఒక రేటు కాగితం మీద అచ్చేసి ఉంటుంది. నేర్పినంత మాత్రాన ఆ రేటు పడిపోదు. పైగా మైనస్ 20 రాత్రి అతనికి ఫోన్లు వస్తూనే ఉంటాయి. కడ్డీ తుడిస్తే తీరే ఇంటికి రావడంకంటే, ఇండ్యూసర్ మోటారు కాలిపోయి పసిబిడ్డతో కూర్చున్న ఇంటికి వెళ్లడమే అతనికీ సుఖం. అతని మంచితనాన్ని తగ్గించడానికి కాదు, మా నాయన పక్కన నిలబెట్టి మార్కులు వేయొద్దంటున్నా.

ఎందుకంటే మా నాయన లెక్క వేరే. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల్లో రాత్రిపూట నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ ఆగిపోతే తెల్లారే లోపు నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి పంటంతా చచ్చిపోతుంది. అర్ధరాత్రి ఫోనొస్తే ఆయన మోపెడ్ మీద బయల్దేరతాడు. విజిట్ ఛార్జీ అన్న మాటే ఆయనకి తెలియదు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు, బురదనీళ్లు తాగిన మోటార్లు షాపు ముందు రోడ్డు దాకా పేరుకున్నాయి. విప్పి, కడిగి, ఆరబెట్టి, వార్నిష్ పట్టించి, కూలి పంటొచ్చాక ఇవ్వండన్నాడు. కొందరు ఇప్పటికీ ఇవ్వలేదు. అడిగితే బాగుండదంటాడు.

విచిత్రమేమంటే, ఎవరికీ లోపల చూపించని ఈ మనిషే నాచేత వీడియో కాల్‌లో ఫర్నేస్ మూత తీయించాడు. కడ్డీ దగ్గరగా చూపించమన్నాడు. బోర్డు మీద మినుకుమినుకుమనే లైటు ఎన్నిసార్లు వెలిగితే ఏం తప్పో మూత లోపలి వైపు అంటించి ఉంటుందని చెబితే, "కంపెనీవాడే రాసిచ్చాడా!" అని నోరెళ్లబెట్టాడు. మంటలో కరెంటు పారుతుందన్నది మటుకు తర్వాత షాపుకొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాడట.

"పనిమంతుణ్ణి ఉత్త చేతుల్తో పంపకూడదమ్మణ్ణీ" అని చాలా రోజులు సాధించాడు. చివరికి అక్టోబరులో ఏడాది సర్వీసుకి ఆ టెక్నీషియన్నే పంపమని బుక్ చేశాను. వచ్చి మంట కరెంటు మీటరుతో కొలిచాడు, పొగ గొట్టంలో కార్బన్ మోనాక్సైడ్ చూశాడు, నీళ్లు కారే ట్రాప్ కడిగాడు, మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్‌కి పగుళ్లున్నాయేమో లైటు వేసి చూశాడు. నన్ను పక్కనే నిలబడనిచ్చాడు. బిల్లు పూర్తిగా తీసుకున్నాడు. టీ మాత్రం వద్దన్నాడు.

నాయనకి అది నచ్చలేదు. "టీ కూడా తాగకుండా పోయినోడు రేపు అర్ధరాత్రి పిలిస్తే యాడొస్తాడు?"

వస్తాడు నాయనా, ఏడాదికి కాంట్రాక్టు రాయించుకున్నా అని చెప్పాను.