ఎంజీబీ జీటీకి టైర్లు ఎంచుకుని, గాలి కుదుర్చుకున్న తీరు

బండి 1972 నాటి ఎంజీబీ జీటీ, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఉండేది ఇంగ్లండులో. 14 అంగుళాల రోస్టైల్ చక్రాలు, రిమ్ము వెడల్పు 5జె, అంటే 5 అంగుళాలు. హ్యాండ్‌బుక్కు ప్రకారం 165ఎస్‌ఆర్14 టైరు (వెడల్పు 165 మిల్లీమీటర్లు, 14 అంగుళాల రిమ్ముకు), గాలి ముందు చక్రాలకు 21 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), వెనక వాటికి 24. కంపెనీయే చెప్పాక ఇక తేల్చుకోవడానికేముంది అనిపిస్తుంది. కానీ ఆ అంకెలు అప్పటి టైర్ల పక్కగోడలు ఎంత మెత్తగా ఉండేవో చూసి వేసినవి. ఇప్పుడు అదే సైజులో దొరికేవి నాలుగు రకాలుగా ఉంటాయి, గాలి విషయంలో ఒకటి నడిచినట్టు ఇంకొకటి నడవదు.

కొనడానికి ముందు పాత టైర్ల పుట్టిన తేదీ చూశాను. పక్కగోడ మీద డీఓటీ అని మొదలయ్యే వరస చివర నాలుగంకెలుంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం అన్నమాట. మూడంకెలే ఉంటే అది 2000కు ముందు టైరు, ఇంకేం చూడక్కర్లేదు, తీసెయ్యడమే. ఇలాంటి బళ్లు ఏడాదికి తిరిగేది తక్కువ కాబట్టి టైరు అరిగి పోదు, ముసలిదై పోతుంది. ట్రెడ్డు నిండుగా కనిపిస్తూనే రబ్బరు గట్టిపడి, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే పట్టు ఉండదు. బ్రిటన్ చట్టం కార్లకు అడిగేది ట్రెడ్డు వెడల్పులో మధ్య నాలుగింట మూడు వంతుల్లో 1.6 మిల్లీమీటర్ల లోతు ఉందా లేదా అనే. వయసుకు పరిమితి లేదు. పైగా 40 ఏళ్లు దాటిన, పెద్ద మార్పులు చేయని బండికి ఏటా ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. అంటే మనం చూసుకోకపోతే చూసేవాళ్లు ఎవరూ లేరు. స్టెప్నీ తేదీ కూడా చూడాలి. సాధారణంగా అయిదింటిలో అన్నిటికంటే ముసలిది అదే.

ఇక సైజు. 165ఆర్14 అని ఊరికే రాసి, పక్కగోడ ఎత్తు టైరు వెడల్పులో ఎంత శాతమో చెప్పకపోతే అది 80 నుంచి 82 శాతం అనుకోవాలి. మొత్తం వ్యాసం 620, 626 మిల్లీమీటర్ల మధ్య వస్తుంది. 185/70ఆర్14 అయితే 615, 175/70 అయితే 601, 185/65 అయితే 596. చివరి రెండూ నాకు పనికిరావని లెక్కలోనే తేలిపోయింది. వ్యాసం మూడు నుంచి అయిదు శాతం దాకా తగ్గితే అదే వేగానికి ఇంజను అంత ఎక్కువ తిరుగుతుంది, స్పీడోమీటరు లేని వేగం చూపిస్తుంది, బండి నేలకు పది నుంచి పదిహేను మిల్లీమీటర్లు దిగుతుంది.

185/70 సంగతి వేరు. చాలా ఎంజీబీల మీద అదే ఉంటుంది. 5జె రిమ్ము మీద బాగానే కూర్చుంటుంది. తొలినాళ్ల 4జె రేకు చక్రాల మీద మాత్రం వద్దు, టైరు బుడగలా ఉబ్బి మూలమలుపులో అటూ ఇటూ వాలుతుంది. నేను వద్దనుకోవడానికి కారణాలు రెండు. ఈ బండికి పవర్ స్టీరింగు లేదు, ముందు చక్రాల క్యాస్టర్ కోణం (చక్రం పక్కలకు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) ఏకంగా 7 డిగ్రీలు. రేడియల్ టైరుతో అసలే బరువుగా ఉండే స్టీరింగు, వెడల్పు టైరుతో పార్కింగులో భుజాలు పడిపోయేలా చేస్తుంది. రెండోది వెనక మడ్‌గార్డు లోపలి అంచు. ఈ బాడీలకు ఎడమా కుడీ ఎప్పుడూ ఒక్కలా ఉండవు. లీఫ్ స్ప్రింగులు కాస్త దిగిపోయి ఉంటే, ఇద్దరు మనుషులూ సామానూ ఎక్కగానే ఒక పక్క టైరు గీసుకుంటుంది. 185 వేయదలచినవాళ్లు డిక్కీలో బరువు పెట్టి, రెండు వైపులా టైరుకూ అంచుకూ మధ్య ఖాళీ కొలిచాకే కొనాలి.

165లో దిగాక కూడా చూసి కొనాలి. చౌకగా కనిపించే 165ఆర్14సీ వ్యాన్ల కోసం చేసింది. చివర ఉన్న ఆ సీ అక్షరం కనబడితే వదిలెయ్యాలి. బరువులు మోయడానికి కట్టిన గట్టి గోడలు టన్ను పైచిలుకు బండి కింద వంగవు, పట్టూ తక్కువే. మామూలు చిన్న కార్ల 165/80ఆర్14 మంచి ఎంపిక. మన దగ్గర మారుతీ స్విఫ్ట్, డిజైర్‌లలో కింది వేరియంట్లకు వచ్చేది ఇదే సైజు కాబట్టి, హైదరాబాదులో పాత ఎంజీబీ ఉన్నవాళ్లు టైర్ల కోసం విదేశాలకు ఆర్డరు పెట్టాల్సిన పనే లేదు. మూడోది పాత అచ్చులోనే ఇప్పుడు తయారయ్యే పిరెల్లీ చింతురాటో సీఏ67, 165హెచ్‌ఆర్14. ధర గట్టిగానే తగులుతుంది. నేను తీసుకున్నది ఇదే. గోడ మెత్తన, జారేముందు హెచ్చరించి మరీ జారుతుంది. టైరు తట్టుకునే వేగం చెప్పే అక్షరాల్లో ఎస్ గంటకు 180 కిలోమీటర్లకు, టీ 190కి, హెచ్ 210కి. వంద మైళ్లు కాస్త దాటేసరికి అలిసిపోయే ఈ ఇంజనుకు ఏదైనా చాలు. లోడ్ ఇండెక్స్ 84 అంటే ఒక్కో టైరు 500 కిలోలు మోస్తుంది. బండి ఒక్కో చక్రం మీద పెట్టేది దాదాపు అందులో సగం. అంత తక్కువ గాలితో నడవగలగడం అందుకే.

ఎక్కించే దగ్గరే ఎక్కువ పనులు చెడతాయి. రోస్టైల్ రిమ్ములో టైరు బీడు (రిమ్మును పట్టుకునే టైరు లోపలి అంచు) కూర్చునే చోట తుప్పుంటే గాలి సన్నగా కారుతూనే ఉంటుంది. వైరు బ్రష్షుతో శుభ్రం చేసి పలచగా ప్రైమరు వేయించాను. పౌడర్ కోటింగు వేయించేవాళ్లు నట్లు కూర్చునే గుంటల్లో పడకుండా చూసుకోవాలి. ఆ మందం తర్వాత నలిగి నట్లు వదులవుతాయి. వాల్వులు కొత్తవే, టీఆర్413 రకం. బీడు కూర్చోబెట్టడానికి సబ్బునీళ్లు, 40 పీఎస్‌ఐ లోపు గాలి. కూర్చోకపోతే గాలి తీసి మళ్లీ సబ్బు రాయాలి గానీ ఇంకా ఎక్కించకూడదు. బ్యాలెన్సింగు మిషను మీద చక్రాన్ని మధ్య కన్నంతో కాకుండా నాలుగు నట్ల కన్నాలతో బిగించమని అడగాలి. చక్రాన్ని హబ్బు మీద మధ్యకు తెచ్చేవి కోను నట్లే. మధ్య కన్నంలో కోను పెట్టి బ్యాలెన్సు చేసిన చక్రం మిషను మీద సున్నా చూపిస్తుంది, రోడ్డు మీద 55 మైళ్ల దగ్గర స్టీరింగు వణుకుతుంది.

వైరు చక్రాలవాళ్లకు ట్యూబు తప్పదు, పుల్లల నిపుల్స్ నుంచి గాలి నిలవదు. నిపుల్స్ మీద రిమ్ టేపు, ట్యూబుకు టాల్కు, సరిగ్గా అదే సైజు ట్యూబు కావాలి. కొత్త టైరు లోపల అంటించిన కాగితం లేబుళ్లు పీకెయ్యాలి, అవి ట్యూబును రాసి రాసి చిల్లు పెడతాయి. పాత రిమ్ముల్లో కొన్నిటికి బీడును ఆపే గట్టు ఉండదు. అలాంటి వాటి మీద ట్యూబ్‌లెస్ టైరును 21 పీఎస్‌ఐతో నడిపితే గట్టి మలుపులో బీడు జారే ప్రమాదం ఉంది.

ఇప్పుడు గాలి. షాపువాళ్లు అలవాటుగా నాలుగింటికీ 32 కొట్టి పంపుతారు. పక్కగోడ మీద కనిపించే 44, 51 లాంటివి దాటకూడని హద్దులు, పెట్టమని చెప్పినవి కావు. పెట్రోలు బంకు మీటరును నమ్మకుండా 60 పీఎస్‌ఐ దాకా చూపే డయల్ గేజి, గాలి వదిలే బొత్తం ఉన్నది, ఒకటి కొనుక్కోవాలి. ఎప్పుడూ అదే వాడాలి.

పద్ధతి పాతదే. పొద్దున్నే, చక్రాలకు ఎండ తగలకముందు గాలి సరిచేసి, 50, 60 మైళ్ల వేగంతో ఇరవై నిమిషాలకు తగ్గకుండా నడిపి, ఆపగానే కొలవాలి. 4 పీఎస్‌ఐ పెరిగితే సరిగ్గా ఉన్నట్టు. అంతకంటే ఎక్కువ పెరిగితే గాలి తక్కువై గోడ అతిగా వంగి వేడెక్కుతోంది. తక్కువ పెరిగితే గాలి ఎక్కువైంది. హ్యాండ్‌బుక్కు చెప్పిన 21, 24తో ముందు టైర్లు 6 పెరిగాయి. ట్రెడ్డుకు అడ్డంగా సుద్దగీత గీసి రౌండెబౌట్లు తిరిగితే గీత టైరు భుజం (ట్రెడ్డు అంచు) దాటి పక్కగోడ మీదికి చెరిగింది. 30 పెడితే పెరిగింది 2 మాత్రమే, గీత మధ్యలోనే చెరిగింది. ఈ బండి పాత లీవర్ డంపర్లకు (కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్లకు) అంత గట్టి టైరు పడదు, గతుకు గతుక్కీ వెనక ఇరుసు ఎగురుతుంది. నాకు ముందు 25, వెనక 27 దగ్గర కుదిరింది.

వెనక 2, 3 ఎక్కువ ఉండటం ముఖ్యం. సామానూ పెట్రోలు ట్యాంకూ అటే ఉన్నాయి. అదీగాక వెనక టైరు కాస్త గట్టిగా ఉంటే మలుపులో ముందు చక్రాలే మొదట జారతాయి, స్టీరింగు కొద్దిగా తగ్గిస్తే బండి దారికొస్తుంది. తేడా తిరగబడితే వానలో తోక ముందుకొస్తుంది. డిక్కీ నిండా సామానుంటే వెనక ఇంకో 2 పెంచుతాను. వాతావరణం 6, 7 డిగ్రీలు చల్లబడితే 1 పీఎస్‌ఐ పోతుంది కాబట్టి జూన్‌లో పెట్టిన గాలి నవంబరుకు చాలదు.

ముందు టైరు ఒక భుజమే అరిగితే గాలిని అనేముందు అలైన్‌మెంటు చూడాలి. టో-ఇన్, అంటే ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కొలత, 1/16 నుంచి 3/32 అంగుళం. ట్రెడ్డు మీద చెయ్యి లోపలి నుంచి బయటికి పోనిచ్చి, మళ్లీ వెనక్కి తేవాలి. ఒక దిక్కున నున్నగా, ఇంకో దిక్కున రంపంలా తగిలితే అది టో తప్పే. బయటి భుజం కొంచెం ముందు అరగడం మామూలే, ఈ బండి క్యాంబర్, అంటే చక్రం పైభాగం వాలు, బయటికి 1 డిగ్రీ ఉంటుంది, సర్దడానికి వీలు కూడా ఉండదు.

చలికాలం కదలకుండా ఉంచేటప్పుడు ఒకేచోట నొక్కుకుని చదును పడకుండా నాలుగింటికీ 36 పెట్టి, స్టీరింగు చక్రానికి ఒక చీటీ కట్టి ఉంచుతాను: బయటికి తీసేముందు 25, 27.