ఎవరి పేరున రాయమంటారు?

2025 ఉగాది ఆదివారం పడింది. సరిగ్గా ఆ రోజే ఇంగ్లండులో గడియారాలు గంట ముందుకు జరిగాయి. దాంతో పర్లాకిమిడిలో మా ఇంటి వసారాలో కూర్చుని పనిచేస్తున్న నాకు మర్నాటి నుంచి ఆఫీసు రెండున్నరకి కాకుండా ఒకటిన్నరకే మొదలైంది. అమ్మకి ఇది ససేమిరా నచ్చలేదు. "తిన్న చెయ్యి ఆరకముందే ఆ పెట్టి ముందు కూకుంటావేటే?" అంది.

ఆరేళ్లుగా మాంచెస్టర్‌లో ఉంటున్నాను. అమ్మకి కంటి శుక్లం ఆపరేషన్ చేయించాలని ఇంటికొచ్చి, ఆఫీసు వాళ్లని బతిమాలి ఆరు వారాలు ఇక్కణ్నుంచే పని చేస్తున్నాను. పనేమిటంటే, ఒక చారిటీ వాళ్ల విరాళాల వెబ్‌సైటుని కొత్తగా కట్టడం. పాతది ఎవరు పడితే వాళ్లు గదులు కలుపుకుంటూ పోయిన ఉమ్మడి ఇల్లులా తయారైంది. తుఫాను వస్తే ఒక టీము ఒక పేజీ, క్రిస్మస్‌కి ఇంకో టీము ఇంకో పేజీ. విరాళం ఇచ్చే బటన్లే పదకొండు రకాలు తేలాయి. రంగు ఒకలా ఉంటే మూలలు ఒకలా ఉండవు. అందుకని ముందు డిజైన్ సిస్టమ్ మొదలుపెట్టాం. పోపుల పెట్టె అనుకోండి. బటన్, గడి, తప్పు జరిగితే చూపించే సందేశం, అన్నీ తలొక గిన్నెలో. వండేవాళ్లు ఎవరైనా అందులోంచే తీసుకోవాలి.

మొదటి దెబ్బ అమ్మే కొట్టింది. ఆ చారిటీ రంగు నారింజ. ఆ బటన్ మీద తెల్ల అక్షరాలు. ఫోన్ చేతికిచ్చి "దానం ఎక్కడ ఇవ్వాలో చూపించమ్మా" అన్నాను. ఫోన్ దూరం పెట్టింది, దగ్గర పెట్టింది, చీర కొంగుతో అద్దం తుడిచింది. "బత్తాయి తొన ఒకటి కనపడతంది. దాని మీద ఏటైనా రాసుందా?" అంది. మామూలు సైజు అక్షరాలకి, వెనక రంగుకి మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ నియమం, అంటే వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని పెట్టిన ప్రమాణాలు. కొలిచి చూస్తే ఆ బటన్‌కి అందులో సగం కాస్త దాటిందంతే. ఆ లెక్క నెల్లాళ్లుగా నా ఫైల్లో ఉన్నదే. బ్రాండ్ టీము ఒప్పుకోలేదని నేనూ నోరు మూసుకున్నాను. మర్నాడు మీటింగులో లెక్క చెప్పడం మానేసి బత్తాయి తొన కథ చెప్పాను. అక్షరాలు నల్లగా మారాయి.

ఇక పేరు సంగతి. మా ఊళ్లో మేం ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు అటు పోయింది, ఇళ్లల్లో భాష మాత్రం పోలేదు. బడిలో చేర్చుకున్న మాస్టారికి మా ఇంటి పేరు నోరు తిరగలేదు కాబోలు, మొదటి అక్షరం 'కె' రాసి వదిలేశారు. అదే సర్టిఫికెట్ లోకి, అక్కణ్నుంచి పాస్‌పోర్టు లోకి ఎక్కింది. ఇంగ్లండులో నా ఇంటి పేరు 'కె'. కొత్త ఫారం పరీక్షించడానికి నా కార్డుతోనే 5 పౌండ్లు ఇవ్వబోయాను. ఎర్ర గీతతో ఒక సందేశం వచ్చింది: "దయచేసి సరైన ఇంటి పేరు రాయండి." రెండక్షరాలైనా లేనిదే తీసుకోదట. స్టాండప్‌లో, అంటే రోజూ టీమంతా కలిసే చిన్న మీటింగులో, ఈ మాట ఎత్తితే, "అలాంటి పేర్లు అరుదు కదా" అన్నాడొకాయన, చాలా మర్యాదగానే. నా వెనక వీధి నిండా అలాంటి పేర్లే తిరుగుతున్నాయి.

అసలు ఇంటి పేరు, సొంత పేరు అని రెండు గళ్లు ఎందుకు? బ్రిటన్ ప్రభుత్వ డిజైన్ సిస్టమ్ అయితే, ఒకే గడి పెడితే అన్ని రకాల పేర్లూ పడతాయని చెబుతుంది. కానీ అక్కడ గిఫ్ట్ ఎయిడ్ అని ఒక ఏర్పాటుంది, 1990 నుంచి. పన్ను కట్టే మనిషి టిక్కు పెడితే, ఇచ్చిన ప్రతి పౌండుకీ ఇంకో 25 పెన్సులు చారిటీ పన్నుల శాఖ నుంచి రాబట్టుకోవచ్చు. ఆ శాఖకి పంపే పట్టికలో మాత్రం రెండు పేర్లూ వేరువేరు గళ్లలో ఉండాలి. సలహా ఇచ్చేదీ, పట్టిక అడిగేదీ ఒకే ప్రభుత్వం. మధ్యలో మేం.

ఆ వారమే మా సపోర్టుకి ఒక ఉత్తరం వచ్చింది. పోయిన భర్త జ్ఞాపకార్థం డబ్బు పంపిన ఒకావిడ పేరు గడిలో ఆయన పేరే రాసింది. మన సిస్టమ్ బుద్ధిగా ఆయనకే కృతజ్ఞతలు చెబుతూ మెయిల్ పంపింది. గిఫ్ట్ ఎయిడ్ టిక్కు కూడా ఆయన పేరునే పడింది, పన్ను కట్టే మనిషి ఆవిడైతే. ఉత్తరంలో ఆవిడ కోపం లేదు. అందుకే మరీ చదవలేకపోయాను.

దానికి దారి నాన్న దగ్గర దొరికింది. మా వీధి రామమందిరం కమిటీకి ఆయన క్యాషియరు. నవమి చందాల రశీదు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే సాయంత్రం నేనూ కూడా వెళ్లాను. పాతపట్నం ప్రెస్సులో కొట్టించిన పుస్తకం. పైన తెలుగు, కింద ఒడియా, మధ్యలో చుక్కల గీత ఒకటి, అంతే. నాన్న ఏ గుమ్మం దగ్గరా ముందు ఎంత అని అడగలేదు. "ఎవరి పేరున రాయమంటారు?" అదే మొదటి ప్రశ్న. ఒకామె మామగారి పేరు చెప్పింది. ఇంకో ఇంట్లో, కొడుకు సూరత్ నుంచి ఫోన్‌పేలో పంపాడు, రశీదు తల్లి పేరున కావాలి. నాన్న తల్లి పేరు గీత మీద రాసి, కొడుకు పేరు కౌంటర్‌ఫాయిల్ మీద పెన్సిల్‌తో చిన్నగా గీసుకున్నాడు. "అదెందుకు నాన్నా?" అంటే, "రేపు లెక్క చూసినప్పుడు డబ్బులెవరు పంపేరో తెలవాలి కదమ్మా" అన్నాడు.

రాత్రి కూర్చుని ఫారం తిరగేశాను. మొదటి పేజీలో ఒకటే ప్రశ్న: ఎవరి పేరున ఇస్తున్నారు, మీ పేరునా, ఇంకొకరి జ్ఞాపకార్థమా? డబ్బు కట్టేవాళ్ల పేరు తర్వాతి పేజీలో. గిఫ్ట్ ఎయిడ్ టిక్కు పెడితేనే అది రెండు గళ్లవుతుంది, లేకపోతే ఒకటే. మేం డిజైన్లు గీసుకునే ఫిగ్మా సాఫ్ట్‌వేర్‌లో ఆ భాగానికి 'కౌంటర్‌ఫాయిల్' అని పేరు పెట్టాను. ఎవరూ ఎందుకని అడగలేదు.

6వ తారీఖు నవమి. పందిట్లో పానకం తాగి 516 ఇచ్చాను. నాన్న పెన్ను మూత తీసి నా మొహం చూశాడు. "నా పేరునే" అన్నాను. ఇంటి పేరు పూర్తిగా మొదలుపెట్టి ఒక్కో అక్షరం కుదురుగా రాస్తూ పోయాడు. చుక్కల గీత అయిపోతే కాగితం అంచుకి తిప్పి, కింది వరుసలో కానిచ్చాడు.

సోమవారం ఒకటిన్నరకి లాప్‌టాప్ తెరిచాను. జ్ఞాపకార్థం పేజీకి ఒప్పుకున్నారు. రెండక్షరాల నిబంధన మాత్రం మా చేతుల్లో లేదట, వెనకాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌లో ఉందట. దాన్ని మార్చే పని చీటీని, మా భాషలో టికెట్‌ని, జులైకి వాయిదా వేశారు.