సారటోగాలో అమ్మ రెండు డాలర్లు

మా నాన్నకి గుర్రాల పిచ్చి ఉందని తెలియడానికి చాలా ముందే, అమ్మ చేతులకి నాలుగు గాజులు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయని నాకు తెలుసు. మలక్‌పేట రేస్‌కోర్సుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేది మా ఇల్లు. మిగతా రెండూ ఏ గుర్రం కాళ్ళ కింద పడి పోయాయో మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎప్పుడైనా మాట అటు పోతే, నాన్న "గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యం. 1996లో సుప్రీంకోర్టే చెప్పింది" అంటారు. "ఆ నైపుణ్యమే కదండీ మనల్ని ముంచింది" అని అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

2024 వేసవిలో ఇద్దరూ మా దగ్గరికి వచ్చారు. మేముండే లేథమ్ నుంచి సారటోగా స్ప్రింగ్స్‌కి కారులో అరగంట. న్యూయార్క్ రాష్ట్రంలో వేసవి రేసులంటే అక్కడే, 1863 నుంచీ. ఆ ఏడాది జూలై 11న మొదలై సెప్టెంబర్ 2, లేబర్ డే దాకా, అందులో రేసులుండే రోజులు 40. నాన్నని తీసుకెళ్ళాలా వద్దా అని నాకు ఒకటే టెన్షన్. గాజుల సంగతి ఒకటి. రెండోది, అంతకుముందు ఏడాది ఆగస్టులో ఆఫీసువాళ్ళతో వెళ్ళినప్పుడు చూసింది. మేపుల్ లీఫ్ మెల్ అని, అప్పటిదాకా ఓటమే ఎరగని ఆడగుర్రం. అన్నిటికన్నా ముందుండి, గీత నాలుగడుగుల్లో ఉందనగా కుప్పకూలింది. మనుషులు తెర పట్టుకుని పరిగెత్తారు. కాలు విరిగిన గుర్రానికి అక్కడే ప్రాణం తీసేస్తారని, అది జనానికి కనపడకుండానే ఆ తెర అని పక్కనున్నవాళ్ళు చెప్పేదాకా నాకు తెలియలేదు. ఆ రోజు తెచ్చుకున్న శాండ్‌విచ్ సంచీలోనే ఉండిపోయింది.

ఆ సంగతి దారిలో నాన్నకి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. పొద్దున్నే గుర్రపుశాలలు చూపించే ట్రామ్ ఎక్కాం. ఒక కుర్రాడు పైపుతో గుర్రానికి స్నానం చేయిస్తున్నాడు, వీపు మీంచి ఆవిర్లు లేస్తున్నాయి. నాన్న దాని ముఖం చూడలేదు. "మోకాలి కింద చూడమ్మా" అన్నారు. అయిదువందల కిలోల ఒళ్ళు, కింద మన మణికట్టుకి కాస్త ఎక్కువ లావున్న ఎముక. పరిగెత్తేటప్పుడు ఒక్కో అడుగులో ఆ బరువంతా ఒక్క కాలు మీదే పడే క్షణం ఉంటుందట. ఆ కుర్రాడు స్పానిష్‌లో ఏదో అన్నాడు, నాన్న తెలుగులో ఏదో అన్నారు. ఇద్దరూ గుర్రం కాలు వైపే చూస్తూ తలలూపుకున్నారు.

ఆ తర్వాత దాదాపు ప్రతి శనివారం వెళ్ళాం. రేస్‌కోర్సు చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు తమ పచ్చికలోనే కారు పెట్టుకోనిచ్చి డబ్బులు తీసుకుంటారు. ఒక ముసలావిడ మా కారు గులాబీ మొక్కలకి ఆనకుండా పెట్టించడానికి పది నిమిషాలు పట్టింది. లోపల చెట్ల కింద బల్లలు ఉంటాయి. పొద్దున గేటు తీయగానే వెళ్ళి గుడ్డ పరిచినవాళ్ళదే బల్ల, రైల్లో సీటు మీద తువ్వాలు వేసినట్టు. ఒకసారి మా దుప్పటి మడతపెట్టి పక్కన పెట్టేసి మరెవరో కూర్చున్నారు. అమ్మ తెలుగులోనే గట్టిగా అడిగింది, వాళ్ళు లేచారు! తర్వాత వాళ్ళకీ పులిహోర పెట్టింది, అది వేరే సంగతి.

చెట్ల మధ్యే బిగ్ రెడ్ స్ప్రింగ్ అని ఖనిజాల నీటి ఊట ఉంది. ఆరోగ్యానికి మంచిదని జనం పట్టుకు తాగుతారు. నాన్న ఒక గుక్క తాగి "ఇనప మేకు నానబెట్టిన నీళ్ళు" అన్నారు. నేనూ తాగి చూశాను. నిజమే.

ప్రతి రేసుకి 17 నిమిషాల ముందు ఒక గంట చేత్తో మోగిస్తారు. అది వినగానే నాన్న రేస్‌బుక్ తెరిచి, పెన్నుతో ఒక పేరు చుట్టూ సున్నా చుట్టేవారు. రేసయ్యాక టిక్కో, ఇంటూనో. నాలుగో శనివారానికి గానీ నేను గమనించలేదు, ఆయన ఇంతవరకూ ఒక్క టిక్కెట్టూ కొనలేదు. అడగబోయి ఊరుకున్నాను.

రోడ్డుకి అవతల రేసుల మ్యూజియం కూడా చూశాం. మాన్ ఓ వార్ అనే మేటి గుర్రం 21 పరుగుల్లో ఒక్కటే ఓడింది, అదీ 1919 ఆగస్టు 13న ఇక్కడే, అప్‌సెట్ అనే గుర్రం చేతిలో. ఈ కథ నాన్నకి ముందే తెలుసు. "ఫేవరెట్ల శ్మశానం అంటారు దీన్ని" అని నాకే చెప్పారు. అమ్మ "తెలిసీ కట్టేవారన్నమాట" అంది.

జూలై 20న కోచింగ్ క్లబ్ ఓక్స్ అనే రేసులో థోర్పీడో అన్నాని చూశాం. మూడేళ్ళ ఆడగుర్రం, తేలిగ్గా గెలిచింది. పసిపిల్లగా ఉన్నప్పుడు 40,000 డాలర్లకి కొన్నారట. ఈ లోకంలో అది చవక బేరం. "అంతకంటే మన పక్కింటివాళ్ళు పెళ్ళికి ఎక్కువ పెట్టారు" అంది అమ్మ, ఆ క్షణం నుంచి ఆ పిల్ల పక్షం. అది ఆగస్టు 24న ట్రావర్స్ అనే రేసులో మగగుర్రాలతో పరిగెత్తబోతోందని తెలిశాక ఇంట్లో అదే మాట. 1915లో లేడీ రోథా తర్వాత ఏ ఆడగుర్రమూ ఆ రేసు గెలవలేదు. ఆడగుర్రానికి మోసే బరువులో అయిదు పౌండ్ల మినహాయింపు ఉంటుందని నాన్న చెబితే, "అయిదు పౌండ్లు ఏ మూలకి?" అంది.

ఆ రోజు అమ్మ పర్సులోంచి రెండు డాలర్లు తీసి "కట్టండి" అని నాన్న చేతిలో పెట్టింది. నాన్న ఆ నోట్లు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు.

"విన్‌కి వద్దు, ప్లేస్‌కి కడదాం. రెండో స్థానం వచ్చినా డబ్బులొస్తాయి" అన్నారు.

"రెండో స్థానం కోసం వచ్చిందా అది? గెలుపుకే కట్టండి."

కట్టారు. నలభై ఏళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి కొన్న మొదటి టిక్కెట్టు అదేనేమో.

రేసు రెండు కిలోమీటర్లు, రెండు నిమిషాల పైచిలుకు. చివరి మలుపులో ఫియర్స్‌నెస్ అనే మగగుర్రం ముందుకొచ్చేసింది, ఇక అయిపోయిందనుకున్నాం. అప్పుడు మన పిల్ల మళ్ళీ అందుకోవడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పులని మెట్లెక్కని మా అమ్మ బెంచీ ఎక్కి నిలబడింది. ఇంకో పది అడుగులుంటే దాటేసేదే. తల తేడాతో ఫియర్స్‌నెస్ గెలిచింది.

"ఇంత దగ్గరగా వస్తే సగమైనా ఇవ్వరా?" అని అడిగింది అమ్మ. నాన్న నవ్వలేదు. "ప్లేస్‌కి కట్టమన్నానా?" అని కూడా అనలేదు. ఆమెని చెయ్యి పట్టుకుని దింపారు. మైదానం మధ్య చెరువులో ఉండే చిన్న పడవకి ప్రతి ఏడూ ట్రావర్స్ గెలిచినవాళ్ళ రంగులు వేస్తారు. ఈసారి నారింజ, నీలం. ఆ తర్వాత వెళ్ళినప్పుడు అమ్మ దాని వైపు చూడను కూడా చూడలేదు.

అక్టోబర్‌లో హైదరాబాద్ వెళ్ళిపోయారు. నవంబర్ 2 సాయంత్రం నేను గిన్నెలు కడుగుతుంటే ఫోన్ మోగింది. అక్కడ ఇంకా తెల్లవారలేదు, గుండె గుభేలుమంది.

"మన పిల్ల గెలిచిందే! కాలిఫోర్నియాలో, బ్రీడర్స్ కప్‌లో!" గొంతు తగ్గించి మాట్లాడుతోంది అమ్మ.

"నాన్న చెప్పారా?"

"ఆయన పడుకున్నారు. నేనే ఫోన్‌లో చూశా. గట్టిగా మాట్లాడకు, లేస్తారు."