మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు

ఉయ్యాల మీది నుంచి పడింది కదా, అందుకే కుంటుతోందనుకున్నాం. మా పాపకు అప్పటికి అయిదేళ్లు. అత్తయ్య ఆముదం వెచ్చచేసి మోకాలికి మర్దన చేశారు. ఆ రాత్రే 103 డిగ్రీల జ్వరం. జ్వరం వేరు, కాలునొప్పి వేరు అనుకుని రెండింటికీ వేర్వేరు కారణాలు వెతికాం. నన్ను ఇప్పటికీ బాధించేది అదే.

మర్నాడు దగ్గర్లోని క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదన్నారు. జ్వరానికి సిరప్ రాసిచ్చారు. ఆ మాటకు స్థిమితపడి మరో రెండు రోజులు పోగొట్టుకున్నాం. చివరికి పాప కాలు నేల మీద మోపనే లేదు. దుప్పటి తగిలినా కెవ్వుమంది.

పిల్లల ఆసుపత్రిలో డాక్టరుగారు మోకాలికి కాస్త పైన, తొడ ఎముక చివర, ఒకే వేలితో నొక్కారు. పాప అరుపుకు వార్డంతా ఇటు తిరిగింది. "ఇది బెణుకు కాదమ్మా, ఎముకకు ఇన్ఫెక్షన్ సోకినట్టుంది" అన్నారామె. ఎక్స్‌రే బాగానే ఉందని వాదించాను. ఎముకలో మార్పు ఎక్స్‌రేలో కనబడడానికి వారం, పది రోజులు పడుతుందట. రక్తపరీక్షలో, ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ తీవ్రతను చూపే సీఆర్పీ పదిలోపు ఉండాల్సింది 140 దాటింది. ఎమ్మారైలో ఎముక పైపొర కింద చీము తేలింది.

ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో రక్తం నెమ్మదిగా పారుతుందని, రక్తంలో చేరిన సూక్ష్మజీవి అక్కడ తిష్ఠ వేస్తుందని ఆమె బొమ్మ గీసి చూపించారు. చీము కీలులోకి దిగితే అక్కడ ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థి కొద్ది రోజుల్లోనే పాడవుతుంది. అందుకే ఆ రాత్రే ఆపరేషన్ చేసి చీము తీశారు. ఆ చీము పరీక్షలో స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా అని వచ్చింది.

తర్వాతి వారం ఆపరేషన్ కంటే కష్టంగా గడిచింది. ఆ చిన్న చేతులకు నరం దొరికేది కాదు. నర్సు అడుగుల చప్పుడు వింటే చాలు, చేతులు నా చీర కొంగులో దాచుకునేది. సీఆర్పీ దిగాక ఇంజెక్షన్లు ఆపి మందులు నోటితో మొదలుపెట్టారు. మొత్తం ఆరు వారాలు. జ్వరం లేదు, నొప్పి లేదు, ఇంకా ఎందుకని ఇంట్లో అందరూ అడిగారు. ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు నేను.

ఇన్ఫెక్షన్ సోకింది ఎముక పెరిగే భాగం పక్కనే కాబట్టి ఇప్పటికీ ఆరు నెలలకోసారి కాళ్ల పొడవు కొలుస్తారు. పాపకు ఏడేళ్లొచ్చాయి. చెప్పకముందే బల్ల మీద వెల్లకిలా పడుకుని, రెండు మడమలూ దగ్గరకు చేర్చి, "సమానంగా ఉన్నాయా?" అని అడుగుతుంది. డాక్టరుగారు టేపు మడిచేదాకా నేను ఊపిరి బిగబట్టుకునే ఉంటాను.