పాస్‌వర్డ్ ఇవ్వని జిప్ ఫైలు, ఆరువేల ఎనిమిదొందలు: నా అనుభవం

ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి కొన్న ఫైలు తెరుచుకోలేదని బ్యాంకులో నేను పెట్టిన ఫిర్యాదు (డిస్ప్యూట్) నాకు అనుకూలంగా ముగిసిందని, నాకు తిరిగిచ్చిన 6,800 రూపాయలు ఇక వెనక్కి తీసుకోరని నిన్న సాయంత్రం బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. కోర్సులు, ఫాంట్లు, సాఫ్ట్‌వేర్ కీలు లాంటి చేతికి అందని సరుకు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

విశాఖ గాజువాకలో మాది పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే షాపు. మాఘమాసం ముహూర్తాలకు ముందు ఒక వెబ్‌సైట్‌లో పీఎస్‌డీ టెంప్లేట్ల (ఫొటోషాప్‌లో మార్చుకునే రెడీమేడ్ డిజైన్ల) ప్యాక్ కొన్నాను. యూపీఐ చేస్తే రెండొందలు తగ్గిస్తానన్నాడు అమ్మేవాడు, నేను ఒప్పుకోలేదు. కొత్తవాళ్ల దగ్గర నేను క్రెడిట్ కార్డే వాడతాను, ఆ పట్టింపే ఈ రోజు నా డబ్బు నిలబెట్టింది. లింకు వచ్చింది, జిప్ ఫైలు దిగింది, తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. వాట్సాప్‌లో అడిగితే "అన్‌లాక్ చార్జీ 1500 వేయండి" అన్నాడు. వేయలేదు. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు తేలిగ్గానే అయిపోయాయి.

అసలు నరకం బ్యాంకు బ్రాంచిలో చూశాను. కౌంటర్‌లో ఉన్నాయన నా కాగితాలు కూడా చూడకుండా "ఓటీపీ ఎవరు కొట్టారు?" అన్నాడు. "నేనే" అన్నాను. "మీరే కొట్టాక ఇంకేటండి, బ్యాంకేటి చేస్తాది?" అని హాలంతా వినబడేలా అన్నాడు. నా వెనక లైన్లో స్టీల్ ప్లాంటులో రిటైరైన పెద్దాయన ఉన్నారు, మనవరాలి పెళ్లి ఆల్బమ్ మా దగ్గరే చేయించుకున్నారు. ఆయన "చదువుకున్నోళ్లు కూడా ఓటీపీలు చెప్పేస్తన్నారు బాబూ" అని జాలిపడ్డారు. తల కొట్టేసినట్టయింది. నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. ఒక వస్తువు కొన్నాను, అమ్మినవాడు ఇవ్వలేదు. షాపుకొచ్చి డబ్బు కట్టిన కస్టమర్‌కి ఆల్బమ్ ఇవ్వకపోతే నేను మోసగాణ్ణి అవుతాను కానీ ఆ కస్టమర్ తెలివితక్కువవాడు అవుతాడా?

పైగా ఆయన ఇచ్చిన ఫారం కూడా వేరేది. కార్డు పోయిందా, పిన్ ఎవరికైనా చెప్పారా, అన్నీ అవే ప్రశ్నలు. అది మనకు తెలియకుండా ఎవరో డబ్బు లాగేసినప్పుడు నింపే ఫారం. రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాలు, తప్పు మనదీ బ్యాంకుదీ కానప్పుడు మూడు పనిదినాల్లోపు చెబితే మన మీద భారం పడదనేవి, ఆ రకం కేసులకే. అందులో టిక్కు పెట్టుంటే ఓటీపీ నేనే కొట్టానని మర్నాడే నా ఫిర్యాదు కొట్టేసేవాళ్లు. నాది "డబ్బు కట్టాను, సరుకు అందలేదు" అనే డిస్ప్యూట్, దాన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో దానికి వేరే దారి ఉంది, మామూలుగా 120 రోజుల గడువు కూడా ఉంటుంది. ఇది చెబితే ఆయన "సరుకు రాలేదంటున్నారు, మరి కొరియర్ నంబరేది?" అన్నాడు. ఫైలుకి కొరియర్ ఏమిటండీ!

కౌంటర్‌లో వాదించడం దండగ. లెటర్ రాసి రెండు కాపీలు పట్టుకెళ్లండి, ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి, అదే లెటర్ కార్డు విభాగానికి మెయిల్ చేయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) వెళ్తానని చివర్లో ఒక వాక్యం రాశాను. దానికి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. ఆ తర్వాత నాతో మాట్లాడినవాళ్లందరూ "సార్" అన్నారు.

డబ్బు తాత్కాలికంగా వేశారు, కొన్నాళ్లకి మళ్లీ తీసేశారు. కస్టమర్ డౌన్‌లోడ్ చేసుకున్నాడని అమ్మినవాడు ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్ నంబరు), టైముతో సహా రుజువు పంపాడట. నిజమే, డౌన్‌లోడ్ అయింది, తెరుచుకోలేదు. ఇలాంటి సరుకుతో వచ్చే చిక్కంతా ఇదే, పంపానని వాడు తేలిగ్గా చూపించగలడు, అందింది పనికిరాదని మనమే చూపించాలి. మెయిల్ తెరవడం దగ్గర్నుంచి పాస్‌వర్డ్ పెట్టె వచ్చేదాకా, స్క్రీన్ మూలన తేదీ, టైము కనబడేలా స్క్రీన్ రికార్డింగ్ తీసి, 1500 అడిగిన మెసేజ్ జతచేసి పంపాను. దాంతో కేసు నా వైపు తిరిగింది. మీరు ఏం కొన్నా ఆ సైటులో ఏమేం ఇస్తామని రాశారో ఆ పేజీ మొత్తం డబ్బు కట్టకముందే సేవ్ చేసుకోండి, తర్వాత వాళ్లు మార్చేస్తారు.

యూపీఐలో కట్టినవాళ్లకి ఈ దారి అంత తేలిక కాదు, డబ్బు క్షణంలో అవతలి ఖాతాలో పడుతుంది. యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకి వచ్చే రిఫరెన్స్ నంబరు) పట్టుకుని ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయండి, వాడు డ్రా చేసేలోపు ఆ ఖాతాలో డబ్బు ఆపగలిగితేనే ఆశ.

అదే శాంపిల్ పేజీలతో, వేరే పేరుతో, ఇంకో సైటు లింకు మొన్న మా డిజైనర్ల గ్రూపులో తిరిగింది. విశాఖలో దానికి ఎవరైనా కార్డుతో కట్టుంటే నా లెటర్ నమూనా ఇస్తాను, అడగండి.